కోయించాలా, ఉంచాలా?

ప్రశ్న: మావయ్య ఆస్ట్రేలియా నుంచి తెచ్చిన అరచేయంత రాతి పలక ఉంది. పాలరంగు, ఒక అంచున ఆకుపచ్చ మెరుపు. ఓపల్ అనే రత్నం అంటున్నారు. ఉంగరాలకి కోయించమంటారా?
– ఓ పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: రంపం సంగతి తరవాతమ్మా. ముందు నాలుక కొనకి తాకించండి. అతుక్కుంటే అది నీరు పీల్చే రకం. ఇథియోపియాలో ఎక్కువ, ఆస్ట్రేలియాలో అరుదు. (మావయ్యగారిని మళ్లీ అడగాల్సొస్తుంది!) అతుక్కోకపోతే నీళ్లలో తూచి సాంద్రత (నీటికన్నా ఎన్ని రెట్లు బరువో) కట్టించండి: ఓపల్‌కి 2.1 దగ్గర, మామూలు గాజుకి 2.5 దగ్గర వస్తుంది.

ఓపలే అయితే మెరుపు పొర ఎటు పరుచుకుందో పక్కనుంచి టార్చి వేసి చూడాలి. పొరకి అడ్డంగా కోస్తే ఉంగరంలో సన్నగీతే మిగులుతుంది. పైగా ఈ రాయిలో నీరుంటుంది, ఆరితే కొన్ని పగులుతాయి. నేనైతే మెరుపున్న మూలని చిన్నముక్క కోయించి, కొన్ని నెలలు చూస్తాను. మిగతా పలక బీరువాలోనే.