గంటలో లేని శ్రుతి

ప్రశ్న: నేను వయొలిన్ నేర్చుకుంటున్నాను. ఈమధ్య ఒక పాత కంచు గంట మోతను ఫోన్‌లో రికార్డు చేసి, దాని శ్రుతి ఎంతో చూద్దామని యాప్‌లో పెట్టాను. నా చెవికి, వయొలిన్‌తో పోల్చి చూసినా, అది 220 హెర్ట్జ్ (సెకనుకి 220 కంపనాలు) దగ్గర పలుకుతోంది. యాప్‌లో మాత్రం 118, 205, 264, 335, 442, 661, 890 దగ్గర గీతలు లేచాయి. 220 దగ్గర ఏమీ లేదు. పైగా మోత సాగేకొద్దీ శ్రుతి జారిపోతున్నట్టుంది. తప్పు నా చెవిదా, యాప్‌దా? గంటను లోపల అరగదీసి సరిచేయించవచ్చా? రికార్డింగ్ పంపుతున్నాను.

జవాబు: తప్పు రెండింటిలోనూ లేదండీ. మీ రికార్డింగ్‌ని హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఓ ఇరవైసార్లు విన్నాను. నాకూ 220యే వినిపించింది. అది గంటలో లేదన్నదీ నిజమే.

వయొలిన్ తీగ మోగితే మూలస్వరానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు ఇలా లెక్క ప్రకారం పైస్వరాలు పుడతాయి. గంట అలా కాదు. వంపు తిరిగిన ఆ మందపాటి కంచు ఒకేసారి చాలా తీరుల్లో ఊగుతుంది, ఒక్కో తీరుకి ఒక్కో స్వరం. వాటి మధ్య అంత చక్కటి లెక్క ఉండదు. కానీ మీ అంకెల్లో చివరి మూడూ చూడండి: 442, 661, 890. దాదాపు 2:3:4 వరస. గంట నాలుక తగలగానే గట్టిగా వినిపించేవి ఇవే. ఇలాంటి వరస చెవిన పడితే, దీనికి అడుగున ఒక మూలస్వరం ఉండి తీరాలని మన వినికిడి లెక్క కట్టేస్తుంది. 442లో సగం 221. మీరు వయొలిన్ మీద పట్టుకున్నది దాన్నే. గంటలు పోతపోసేవాళ్ళు దీన్ని స్ట్రైక్ నోట్ అంటారు.

గంట శ్రుతి దాని ఐదో స్వరానికి ఒక స్థాయి కింద, అంటే సరిగ్గా సగం దగ్గర, ఉంటుందని బ్రిటిష్ భౌతికశాస్త్రవేత్త లార్డ్ రేలీ 1890లోనే రాశాడు. మీ జాబితాలో ఐదోది 442, లెక్క సరిపోయింది. అక్కడ కంపనం లేకుండా శ్రుతి ఎలా వినిపిస్తుందన్నది మాత్రం చాలాకాలం తేలలేదు. 1940లో నెదర్లాండ్స్‌కి చెందిన శాస్త్రవేత్త స్కౌటెన్, అది పైస్వరాల నుంచి మన వినికిడి కూర్చుకునేదని వివరించాడు.

నమ్మకం కుదరక నేనూ ఒక పని చేశాను. మీ రికార్డింగ్‌లో 400 కింద ఉన్నదంతా కంప్యూటర్‌లో తీసేశాను. గంట పలచబడింది, లోతు పోయింది, కానీ దెబ్బ పడిన క్షణాన శ్రుతి అక్కడే ఉంది. తర్వాత తిరగేసి 400 పైన ఉన్నది తీసేశాను. ఈసారి దెబ్బే మాయమైంది. ఎక్కడో గుమ్మటం లోపల ఎవరో మూలిగినట్టుంది, 220 ఎంత వెతికినా దొరకలేదు. పాత లాండ్‌లైన్ ఫోన్లలోనూ ఇదే జరిగేది. 300 హెర్ట్జ్ కింద ధ్వని వాటిలో పెద్దగా వచ్చేది కాదు, మగవాళ్ళ గొంతు మూలస్వరమేమో 120 దగ్గర ఉంటుంది. అయినా నాన్నగారి గొంతు నాన్నగారి గొంతులాగే వినిపించేది.

ఇక జారుడు సంగతి. పైస్వరాలు త్వరగా చల్లారిపోతాయి. అన్నిటికంటే కిందిది, మీ గంటలో 118, చివరిదాకా మిగులుతుంది. బాగా శ్రుతి చేసిన గంటలో అది సరిగ్గా ఒక స్థాయి కింద, అంటే 110 దగ్గర ఉంటుంది కాబట్టి మోత దిగినా శ్రుతి మారినట్టు అనిపించదు. మీ గంటలో అది ఒక స్వరస్థానం (ఒక స్థాయిలోని పన్నెండు మెట్లలో ఒకటి) కంటే కాస్త ఎక్కువే పైకి ఉంది. 220 దగ్గర ఉండాల్సిన 205 దాదాపు అంతే కిందికి ఉంది. పాత గంటల్లో ఇది మామూలే. ఆ 264 మాత్రం, 220ని షడ్జమం అనుకుంటే, అచ్చంగా సాధారణ గాంధారం (రెండు గాంధారాల్లో కిందిది). గంట మోతలో మనసుకి తగిలే ఆ దిగులు దానివల్లే అని నా నమ్మకం. దానికి బదులు ఒక మెట్టు పైనుండే అంతర గాంధారం పలికే గంటను 1985లో నెదర్లాండ్స్‌లో తయారుచేశారు, అందుకు గంట ఆకారాన్నే మార్చాల్సి వచ్చింది.

అరగదీయించడం గురించి: దయచేసి వద్దండీ. లోపలి కంచు తీసేకొద్దీ స్వరాలు మామూలుగా దిగుతాయి, తీసిన లోహాన్ని మళ్ళీ అతికించలేం. గంటలు పోతపోసే హెమోనీ సోదరులు 1644లో నెదర్లాండ్స్‌లోని జుట్ఫెన్‌లో ఒక గంటల వరసనంతా శ్రుతి చేశారంటే, అందుకు కావలసిన మందం పోతపోసేటప్పుడే ఉంచుకున్నారు కాబట్టి. మీ గంటలో 205 ఇప్పటికే తక్కువగా ఉంది. లోపల అరగదీసి దాన్ని పైకి తేలేం, మిగతావాటిని దానికి తగ్గట్టు దించబోతే గంట గొంతే మారిపోతుంది.

ఈసారి వెళ్ళినప్పుడు గంటని కొట్టకుండా, దాని నోటి దగ్గర ముఖం పెట్టి 'ఊ' అని పాడండి. 200 దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి వెళ్తూ, ఒక్కోచోట రెండు మూడు సెకన్లు నిలిపి, ఠక్కున ఆపి వినండి. 205 తగలగానే గంట మీ స్వరాన్ని అందుకుని సన్నగా పాడుతుంది. 220 దగ్గర ఎంత గట్టిగా పాడినా పలకదు. 264కి చేరితే మళ్ళీ అందుకుంటుంది.