ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు స్పానిష్‌లో మార్కులు ఎక్కడ పోతాయి?

ప్రశ్న: ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ ఫ్రెంచ్. డిగ్రీలో స్పానిష్ తీసుకున్నాను. ఫ్రెంచ్‌లో ‘అరివే’ (చేరుకోవడం) వాడే ప్రతిచోటా అదే అర్థమున్న స్పానిష్ ‘యెగార్’ పెట్టేస్తుంటే మార్కులు పోతున్నాయి. పదాల పుట్టుక చదివితే మేలా? దాంతో ఉద్యోగాలున్నాయా? – ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: చదవండి. అయితే పుట్టుక తెలిస్తే మాటను గుర్తుపట్టగలరు. వాడుక మాత్రం విడిగా నేర్చుకోవాల్సిందే. మీరడిగిన క్రియే అందుకు సాక్ష్యం.

యెగార్‌కు మూలం లాటిన్ ‘ప్లికారె’, అంటే మడవడం. మాట మొదట్లోని లాటిన్ ‘ప్ల’ ఫ్రెంచ్, రొమేనియన్‌లలో అలాగే నిలిచింది. ఇటాలియన్‌లో ‘పియ’ అయింది, పోర్చుగీస్‌లో ‘ష’ అయింది, స్పానిష్‌లో రెండు ఎల్‌లుగా మారి ‘య’ పలుకుతోంది. వాన ఫ్రెంచ్‌లో ‘ప్లుయి’, స్పానిష్‌లో ‘యువియా’ కావడం ఇలాగే. ఏడవడం, నిండుగా ఉండటం అనే మాటలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

అర్థాలు మాత్రం తలోదారి పట్టాయి. ఫ్రెంచ్ ‘ప్లియే’, ఇటాలియన్ ‘పియెగారె’ ఇప్పటికీ మడవడమే. స్పానిష్‌లోనూ, పోర్చుగీస్ ‘షెగార్’లోనూ చేరుకోవడం. రొమేనియన్ ‘ప్లెకా’ అంటే ఏకంగా బయల్దేరి వెళ్లిపోవడం! ఒడ్డు చేరాక తెరచాప మడుస్తారు, దండు కదిలేటప్పుడు గుడారాలు మడుస్తారు, అందుకే ఈ తేడా అని చెబుతుంటారు. వినడానికి బాగుంది గానీ గుడారాల సంగతి ఊహే. ఓడను ఒడ్డుకు చేర్చడాన్ని ‘అప్లికారె’ అనడం మాత్రం లాటిన్ రచనల్లో ఉంది. ఇక అరివేకు మూలం వేరు: ‘రీపా’, అంటే ఒడ్డు.

ఇప్పుడు మీ పేపర్. ‘ఏం జరిగింది?’ అనడానికి ఫ్రెంచ్‌లో అరివే సరిపోతుంది. స్పానిష్‌లో ‘పసార్’ వాడాలి. ‘చేయగలిగాను’ అన్నచోట ‘లోగ్రార్’ కావాలి. ఫ్రెంచ్‌లో ‘వచ్చాను’కు సహాయక క్రియ ‘ఎత్ర్’ (ఉండటం) కాబట్టి స్పానిష్‌లో ‘సోయ్ యెగాదో’ అని రాసేస్తారు. అది తప్పు, ‘ఎ యెగాదో’ అనాలి. యెగార్ తర్వాత వచ్చే దేశం పేరు ముందు ఫ్రెంచ్‌లోలాగా ‘ఎన్’ పెట్టకండి, ‘ఆ’ పెట్టండి. భూతకాలంలో ‘నేను చేరాను’ అంటే ‘యెగే’. జి తర్వాత యు రాయకపోతే పలుకే మారిపోతుంది. ఎక్కువమందికి మార్కులు పోయేది ఇక్కడే.

ఉద్యోగాల మాటకొస్తే, మన దేశంలో కేవలం పదచరిత్రతో దొరికేవి చాలా తక్కువ. ఆసక్తి గట్టిగా ఉంటే హైదరాబాద్ ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లోనో, ఉస్మానియాలోనో, సెంట్రల్ యూనివర్సిటీలోనో భాషాశాస్త్రం వైపు వెళ్లొచ్చు. అనువాదం, కస్టమర్ సపోర్ట్, లోకలైజేషన్ (సాఫ్ట్‌వేర్, వెబ్‌సైట్లను స్థానిక భాషకు మలచడం) పనులకు కావాల్సింది చేతిలో బీ2 సర్టిఫికెట్. ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లున్న యూరప్ భాషా కొలమానంలో ఏ2 రెండోది, బీ2 నాలుగోది. రెండు భాషల్లో ఏ2 దగ్గర ఆగిపోవడం కంటే ఒకదాంట్లో బీ2 నయం. స్పానిష్ సర్టిఫికెట్ ఇచ్చే డెలే పరీక్షలో చదవడం, రాయడం ఒక గ్రూపు. వినడం, మాట్లాడటం ఇంకో గ్రూపు. ఒక్కో దాంట్లో 50కి కనీసం 30 రావాలి. ఫ్రెంచ్ తెలిసినవాళ్లకు చదవడం సులువే కాబట్టి, ఈ సెమిస్టర్ సమయమంతా రెండో గ్రూపు మీద పెట్టండి.