ఉద్దెర తెచ్చినా బిల్లు రాయించుకో

అల్లుడా,

అక్క ఫోన్ చేసి చెప్పింది, చెరువు వెనుక నాలుగెకరాలు కౌలుకు పట్టినవట. మంచిదే. నల్లరేగడి, పత్తికి పనికొచ్చే భూమి. కౌలు ఎంతకు మాట్లాడినవో నేను అడగను, అది బావా నువ్వూ చూసుకుంటరు. నేను రాసేది దుకాణం సంగతి. మొదటి వాన పడకముందే రాస్తున్న, పడ్డంక ఎవరూ వినరు.

పదేళ్ల కింద నేను రెండెకరాలకు నాలుగు ప్యాకెట్ల పత్తి గింజలు ఉద్దెర తెచ్చిన. షావుకారు తన నోటుబుక్కుల రాసుకొని, నాకు సిగరెట్ డబ్బా అట్ట మీద లెక్క గీకి ఇచ్చిండు. పది రోజులైనా సాలుకు నాలుగు మొక్కలు లేవలే. మండలం వ్యవసాయ అధికారి, అదే ఏవో సారు దగ్గరికి ఉరికిన. ఆయన మొదలు అడిగింది బిల్లు, తర్వాత ఖాళీ ప్యాకెట్. బిల్లు లేదు. ప్యాకెట్లు గింజ పెట్టిన నాడే గట్టు మీద పారేసిన, ఏ మేక నమిలిందో! సారు మాత్రం ఏమని రాస్తడు, ఎవరి మీద రాస్తడు? షావుకారేమో 'నా దగ్గరే కొన్నవని రుజువేంది' అన్నడు. రెండోసారి గింజలు మళ్లా ఆ దుకాణంలనే ఉద్దెర తెచ్చిన. ఇంకోడు నాకు ఉద్దెర ఇయ్యడు గదా. అది యాదికొస్తే ఇప్పటికీ సిగ్గయితది.

తర్వాత తెలిసింది ఏందంటే, 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వుల నగదుకు అమ్మినా, ఉద్దెరకు అమ్మినా బిల్లు ఇయ్యాలెనని రాసే ఉన్నది. ఎరువులకు 1985 ఉత్తర్వు ఉన్నది, అదీ అదే చెప్తది. ఉద్దెరోనికి బిల్లు అడిగే హక్కు లేదని మనకు మనమే అనుకున్నం. నువ్వు దుకాణంల చట్టం పేరు ఎత్తకు, వాడు బిగుసుకుంటడు. 'బ్యాంకోళ్లు అడుగుతున్నరు సేటూ, ఒక బిల్లు కొట్టు' అను, చాలు.

బిల్లు మడిచి జేబుల పెట్టుకోకు. కౌంటర్ మీదనే ప్యాకెట్ పక్కన పెట్టి లాట్ నంబరు కలుస్తుందా, రకం పేరు అదేనా చూడు. గడువు తేదీ చూడు. కాయతొలుచు పురుగును తట్టుకునే బీటీ పత్తి ధర ఏటా కేంద్రమే కడతది, అండ్ల బీజీ-2 అనే రకం ప్యాకెట్, 475 గ్రాములది, 2025ల 901 రూపాయలు ఉండె. 'ఆ రకానికి గిరాకీ ఉన్నది' అని పైన రెండొందలు గుంజేటోళ్లు ఉంటరు, బిల్లు మీద మాత్రం కేంద్రం కట్టిన ధరే రాస్తరు. అట్లాంటప్పుడు వేరే రకం తీసుకో. ఆ రకంలనే బంగారం పండుతదన్నది దుకాణపోని మాట.

ప్యాకెట్‌ను అడుగు దిక్కు కొయ్యి. పై దిక్కు కోస్తే లేబుల్ చినుగుతది. ఒక గుప్పెడు గింజ అండ్లనే ఉంచి మడిచి, బిల్లు దానికి గుచ్చి ఇనుప పెట్టెల పెట్టు. మరి గింజలన్నీ పెట్టేసినోని గతేంది అంటవు. జాతీయ విత్తన సంస్థ మీద మన దిక్కు రైతులు పోయిన కేసుల 2012ల సుప్రీంకోర్టు చెప్పింది: రైతు కూడా వినియోగదారుడే, పరీక్షకు గింజ దాచిపెట్టలేదని వాని ఫిర్యాదు కొట్టెయ్యొద్దు అని. అయినా నువ్వు దాచు. కోర్టు దాకా పోకుండనే పని అయితది.

ఇగ నీ అసలు చిక్కు కౌలు. ఈ నియమాలన్నీ పాసుపుస్తకం ఉన్నోడు నగదుకు కొంటడని అనుకొని రాసినట్టుంటయి. పాసుపుస్తకం భూమి యజమాని పటేల్ పేరు మీద ఉన్నా, బిల్లు నీ పేరు మీదనే రాయించు. రేపు నష్టపోయేది నువ్వు, కొన్నది నువ్వని కాగితం మీద ఉండాలె. కౌలు సంగతి కూడా ఇద్దరు సాక్షులతో ఒక కాగితం రాసుకో, పటేల్ ఒప్పుకుంటే.

గడ్డిమందు కొట్టినా చావని పత్తి అని, బీజీ-3 అని లూజు గింజలు రాత్రిపూట బండి మీద తెచ్చి అమ్ముతరు. కలుపు కూలీలు దొరకక జనం కొంటున్నరు, వాళ్లను తప్పుపట్ట. కానీ దానికి కేంద్రం అనుమతి లేదు, బిల్లు ఉండదు, మొలవకపోతే అమ్మినోడు కనపడడు. వద్దు.

యూరియా బస్తా 45 కిలోలు, 266 రూపాయల 50 పైసలు. 2025 వానకాలం చెప్పులు, పాసుపుస్తకాలు లైన్ల పెట్టి నిలబడ్డం, చూసినవు గదా. అసొంటప్పుడే 'ఈ జింకు సీసా కొంటేనే యూరియా' అని లింకు పెడతరు. అది చెల్లదు. కానీ లైన్ల నిలబడి కొట్లాడితే బస్తా పోతది, అందుకని ముందు సొసైటీల చూడు. మిషన్ల వేలు పెట్టినంక వచ్చే చీటీ చదువు. నువ్వు రెండు బస్తాలు తెచ్చుకుంటే నీ ఆధార్ మీద నాలుగు ఎక్కించినోళ్లు ఉన్నరు.

గింజ మొలవకపోతే వారం ఆగకు. కాగితం మీద రాసి ఏవో సారుకు ఇచ్చి, నీ కాపీ మీద ముద్ర వేయించుకో. సారు వచ్చి చూసేదాక మొత్తం దున్నకు. అదును పోతదని భయమైతే రెండు సాళ్లు వదిలి మిగతాది పెట్టుకో. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. రెండేండ్లలోపు కేసు వెయ్యొచ్చు, 5 లక్షల దాకా కొన్నదానికి ఫీజు లేదు.

ఆదివారం వస్త. ప్యాకెట్లు తెచ్చి ఉంటే విప్పకు, నేను వచ్చినంక ఒక ఇరవై గింజలు తడి గోనెసంచిల చుట్టి చూద్దాం.

మీ మామ