టాకింగ్ డ్రమ్ నిజంగా మాట్లాడుతుందా? యొరుబా దున్‌దున్ గురించి నేను చూసింది

నైజీరియా టాకింగ్ డ్రమ్ నిజంగా మాటలు పలుకుతుందా, లేక ముందే అనుకున్న సంకేతాలా అని అడిగారు. లాగోస్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో దగ్గర్నుంచి విన్నాను. పలుకుతుంది. దాన్ని సంకేతాలనేస్తే నాకు మనసొప్పదు.

నైజీరియాలో మాట్లాడే యొరుబా భాషలో స్వరం ఎత్తు మారితే అర్థమే మారిపోతుంది. ‘ఒకో’ అనే మాటను రెండక్షరాలూ మధ్యస్థాయిలో పలికితే భర్త, రెండోది పైకెత్తితే పార, కిందికి దించితే బండి. దున్‌దున్ అనే ఈ టాకింగ్ డ్రమ్ పట్టుకునేది ఈ ఎత్తుపల్లాలనే. ఢమరుకంలా నడుము సన్నగా ఉండే చెక్క డోలు అది. రెండు వైపులా తోలు, ఆ రెండింటినీ కలుపుతూ వరసగా తోలు తాళ్లు. భుజానికి తగిలించుకుని ఒక చేత్తో తాళ్లను అదుముతారు, రెండో చేత్తో వంకీ తిరిగిన పుల్లతో కొడతారు. అదిమితే స్వరం లేస్తుంది, వదిలితే దిగుతుంది. మెల్లగా వదిలితే మనిషి గొంతులాగే జారుతుంది.

డోలుకు అచ్చులూ హల్లులూ ఉండవు కదా, ఏ మాటో ఎలా తెలుస్తుంది? విడి మాటలు కాకుండా అందరికీ తెలిసిన సామెతలు, ‘ఒరికి’ అనే వంశ ప్రశస్తులు వాయిస్తారు కాబట్టి. ఒక సహోద్యోగి ఇంట్లో పెళ్లికి వెళ్లాను. ఓ పెద్దావిడ లోపలికి వస్తుంటే డోలాయన ఎదురెళ్లి ఆమె పుట్టింటివాళ్ల ఒరికి అందుకున్నాడు. ఆవిడ ఉన్నచోటే ఆగిపోయింది. మోకాళ్లు కాస్త వంచి, ప్రతి పాదానికీ భుజాలు కదుపుతూ, చివరికి నైరా నోట్లు తీసి ఆయన నుదుటికి అద్దింది. (నోట్లు వెదజల్లడం అక్కడ చట్టప్రకారం నేరమే. ఆ వేళకి ఎవరికి గుర్తుంటుంది!) తాత ముత్తాతల పేర్లూ ఘనతా ఆ డోలాయనకి కంఠతా వచ్చు. నా దృష్టిలో అసలు విద్య అదే, వేళ్ల పనితనం తర్వాతిది.

ఇది వంశపారంపర్యంగా వచ్చే వృత్తి. ఈ డోలు వాయించేవాళ్ల దేవత అయాన్. అందుకే ఆ ఇళ్లలో పిల్లలకి అయాన్‌వాలే, అయాన్‌తుండె లాంటి పేర్లు పెడతారు. ఓయో అనే యొరుబా రాజ్యానికి రాజైన అలాఫిన్ కొలువులో వచ్చినవాళ్లెవరో రాజుకి తెలిపేదీ డోలే. మేళంలో మాట్లాడేది ‘ఇయా ఇలు’ అనే పెద్ద డోలు. దాని చుట్టూ చిరుమువ్వలుంటాయి. మెడలో వేలాడే చిన్న ‘గుడుగుడు’ తాళం నడుపుతుంది.

వినాలనుకుంటే నైజీరియా గాయకుడు కింగ్ సన్నీ అడే జూజూ సంగీతంతో మొదలుపెట్టండి. గిటార్ల మధ్యలో డోలు పలికే చోట్లు తేలిగ్గానే తెలుస్తాయి. యొరుబా స్నేహితులెవరైనా ఉంటే వాళ్ల ఒరికి ముందు నోటితో చెప్పమని, తర్వాత డోలు మీద వినండి.