జపాన్ పంటి మందు కోసం ఆగుతున్నారా? ముందు దవడ కింది వాపు చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 47. నంద్యాల దగ్గర ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. 11 ఏళ్లుగా షుగర్ ఉంది. చిగుళ్ల జబ్బుతో కింది దవడలో రెండు పళ్లు ఊడిపోయాయి. అదే వైపు చివరి పన్ను బాగా పుచ్చిపోయింది. దాన్ని తీయించుకుని, తర్వాత ఇంప్లాంట్లు పెట్టించుకోమని డెంటిస్ట్ అన్నారు. జపాన్‌లో ఎలుకలకు కొత్త పళ్లు మొలిపించారనీ, 2030 నాటికి ఆ మందు మనుషులకూ వస్తుందనీ చదివాను. అప్పటిదాకా ఆగితే ఈ ఖర్చంతా తప్పుతుందా? అప్పుడప్పుడు దవడ కింద వాపు వస్తుంటుంది. మెడికల్ షాపులో అయిదు రోజుల కోర్సు తెచ్చుకుని వాడితే తగ్గిపోతుంది. ఈసారి మాత్రం పూర్తిగా తగ్గలేదు, మింగేటప్పుడు కాస్త పట్టేసినట్లుగా ఉంది.

జవాబు: జపాన్ మందు సంగతి తర్వాత చెబుతాను. మీ ఉత్తరంలోని చివరి మాటలు చదివాక నాకు దాని మీద ధ్యాస నిలవలేదు. చాలా ఏళ్లుగా షుగర్ ఉంది, కింది దవడ చివరి పన్ను పుచ్చింది, దవడ కింద వాపు మళ్లీ మళ్లీ వస్తోంది, ఇప్పుడు మింగడం కష్టమవుతోంది. ఈ నాలుగూ ఒకే మనిషిలో కనిపిస్తే నాబోటి శస్త్రచికిత్స వైద్యులెవరూ రేపు రండి అని చెప్పరు. మిమ్మల్ని చూడకుండా, నాలుక కింద వేలితో తడిమి చూడకుండా ఇది ఫలానా జబ్బని తేల్చడం సరికాదు. లాలాజల గ్రంథిలో రాయి అడ్డుపడి ఉండవచ్చు, లింఫు గ్రంథి వాచి ఉండవచ్చు. అయినా సరే, ఈ జవాబు చదివిన రోజే డెంటల్ సర్జన్‌కు గానీ ఈఎన్‌టీ వైద్యులకు గానీ చూపించుకోండి. వారాంతం వరకు, జీతం పడేవరకు ఆగవద్దు.

ఎందుకింత తొందర పెడుతున్నానో చెబుతాను. కింది దవడ ఎముక లోపలివైపున ఒక సన్నని గట్టు ఉంటుంది. నోటికి అడుగుగా పనిచేసే కండరం దానికే అతుక్కుని ఉంటుంది. ముందువైపు పళ్ల వేళ్లు సాధారణంగా ఆ గట్టుకు పైనే ముగుస్తాయి. రెండో, మూడో దవడ పళ్ల వేళ్లు దాన్ని దాటి కిందికి దిగుతాయి. కాబట్టి ముందు పంటిలో చీము పడితే చిగురు మీద పొక్కు లేచి బయటపడుతుంది, చివరి పంటి చీము మెడలోకి దారి తీసుకుంటుంది. అది నాలుక కిందికి, అక్కడి నుంచి రెండో వైపుకు పాకితే నాలుక పైకీ వెనక్కీ జరిగి ఊపిరి దారికి అడ్డం పడుతుంది. కొన్ని గంటల్లోనే పరిస్థితి చేయి దాటిపోవచ్చు. 1836లో లుడ్విగ్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వివరంగా రాశారు. అందుకే ఇప్పటికీ లుడ్విగ్స్ ఆంజైనా అంటున్నాం. యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో ఇది వచ్చినవారిలో సగానికి పైగా చనిపోయేవారు. ఇప్పుడు తొందరగా వస్తే ఎక్కువమంది కోలుకుంటున్నారు. ఆలస్యం చేసి వచ్చిన వారిలో కొందరికి ముందు గొంతుకు రంధ్రం చేసి ఊపిరి ఆడేలా చూసి, ఆ తర్వాతే చీము సంగతి చూడాల్సి వస్తోంది.

ఆ స్థితిలో వచ్చిన రోగిని పడుకోమంటే పడుకోలేరు. మంచం అంచున ముందుకు వంగి కూర్చుంటారు. ఉమ్మి మింగలేక రుమాలులోకి వదులుతుంటారు. మాట ముద్దగా వస్తుంది. గడ్డం కింద వేలితో నొక్కితే చెక్కలా గట్టిగా తగులుతుంది, సొట్ట పడదు. నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోదు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, చలిజ్వరం వచ్చినా, ఊపిరి బరువుగా అనిపించినా క్లినిక్ తెరిచేదాకా ఎదురుచూడకండి. 108కి ఫోన్ చేసి, మత్తు వైద్యులు అందుబాటులో ఉండే పెద్దాసుపత్రికి కూర్చునే వెళ్లండి.

మాస్టారూ, మెడికల్ షాపు కోర్సు గురించి మాత్రం కాస్త కటువుగానే చెప్పాలి. పన్ను పుచ్చి లోపలి నరం చచ్చిపోయాక ఆ వేరు గొట్టంలోకి రక్తం పోదు. మీరు మింగిన మాత్ర చేరాలంటే రక్తంతోనే చేరాలి. చుట్టుపక్కల వాపు తగ్గుతుంది, మీకు హాయిగా ఉంటుంది, చీము పుట్టే చోటు మాత్రం అలాగే ఉంటుంది. దాన్ని వేరుకు చికిత్స చేసో, పన్ను తీసేసో, కోసి చీము వదిలించో శుభ్రం చేయాలి. ఆ పని చేయకుండా కోర్సు మీద కోర్సు వాడుతూ పోతే చివరికి మందుకు లొంగని క్రిములే మిగులుతాయి. వాపు ఈసారి పూర్తిగా తగ్గలేదన్న మీ మాటలో నాకు ఆ అనుమానం కూడా ఉంది.

ఆ పొట్లంలో ఏమేం ఉన్నాయో మీరు రాయలేదు. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్ర ఉంటే, ఇన్నేళ్ల షుగర్‌తో ఉన్న మీ మూత్రపిండాలకు అది మంచిది కాదు. పైగా నొప్పి, జ్వరం కప్పేసి జబ్బు ముదురుతున్న సంగతి తెలియనివ్వదు. వాపు త్వరగా దిగాలని స్టెరాయిడ్ కలిపి ఇచ్చిన పొట్లాలు కూడా నేను చూస్తూనే ఉన్నాను. షుగర్ రోగికి దానివల్ల రక్తంలో చక్కెర ఎగబాకుతుంది, క్రిములతో పోరాడే శక్తి తగ్గుతుంది. పిల్లలకు లెక్క తప్పితే మీరు ఊరుకోరు కదా, మీ ఒంటి విషయంలో ఇంత ఉదాసీనత ఎందుకు? దవడకు బయటి నుంచి వేడి కాపడం కూడా పెట్టకండి.

ఇప్పుడు జపాన్ మందు. మీరు చదివిన వార్తలో నిజం ఉంది, మీకు వర్తించే భాగం మాత్రం లేదు. మన ఒంట్లో యూఎస్ఏజీ-1 అనే ప్రొటీన్ ఉంటుంది. పంటి మొగ్గ ఎదగమని చెప్పే సంకేతాలను అది అణచి ఉంచుతుంది. క్యోటో విశ్వవిద్యాలయానికి చెందిన కత్సు తకహాషి బృందం ఆ ప్రొటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీ తయారు చేసి, పుట్టుకతోనే పళ్లు లోపించిన ఎలుకలకు ఇచ్చింది. వాటికి పళ్లు వచ్చాయి. ఎలుకలకు పాలపళ్లు ఊడి మళ్లీ రావడం ఉండదు కాబట్టి, మనలాగే రెండు విడతల పళ్లుండే ఫెర్రెట్ అనే చిన్న జంతువుపైనా పరీక్షించారు. దానికీ అదనపు పన్ను మొలిచింది. 2021లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో ఈ ఫలితాలు వచ్చాయి. వార్తల్లో పెద్దగా కనిపించని సంగతి ఇంకొకటి ఉంది. ఆ సంకేతాలు పళ్లకే కాక శరీరం మొత్తం ఎదుగుదలకు అవసరం. అందుకే మొదట్లో ప్రయత్నించిన కొన్ని యాంటీబాడీలతో ఎలుక పిల్లలు సరిగా పుట్టలేదు, బతకలేదు. ఒక్క సంకేతం మీదే పనిచేసేదాన్ని వెతికి పట్టుకున్నాకే ముందుకు వెళ్లగలిగారు.

2024లో క్యోటో విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో మనుషులపై మొదటి దశ పరీక్ష మొదలుపెట్టారు. కనీసం ఒక దవడ పన్ను లేని, 30 నుంచి 64 ఏళ్ల లోపు ఆరోగ్యవంతులైన 30 మంది మగవారిని తీసుకున్నారు. మొదటి దశలో ముఖ్యంగా చూసేది మందు వల్ల హాని ఉందా లేదా అనే. తర్వాతి దశను ఉద్దేశించింది పుట్టుకతోనే నాలుగు లేదా అంతకన్నా ఎక్కువ పళ్లు లేని 2 నుంచి 7 ఏళ్ల పిల్లల కోసం. 2030 అన్నది వాళ్లు పెట్టుకున్న లక్ష్యం మాత్రమే. చిగుళ్ల జబ్బుతో ఎముక అరిగి పళ్లు ఊడిన పెద్దవారికి ఇది ఎప్పుడు, ఎంతవరకు ఉపయోగపడుతుందో చెప్పే ఆధారం ఇంకా లేదు.

జంతువులపై పరిశోధనను నేను చిన్నచూపు చూడను. 1954లో అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో క్రిములే సోకకుండా పెంచిన ఎలుకలకు చక్కెర దండిగా ఉన్న మేత పెడితే పళ్లు పుచ్చలేదు. మామూలుగా పెరిగిన ఎలుకలకు అదే మేతతో పుచ్చాయి. పిప్పి పన్ను వెనుక తీపితో పాటు క్రిములూ ఉండాలని అలా రుజువైంది. మనుషుల దగ్గరికొచ్చేసరికి తేలిపోయినవీ ఉన్నాయి. చిగుళ్ల క్రిమి వదిలే ఎంజైమును ఆపితే ఎలుకల మెదడుకు మేలు జరిగిందని 2019లో ప్రకటించారు. అదే మందు 2021లో అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు రోగులపై జరిగిన పెద్ద పరీక్షలో పెట్టుకున్న లక్ష్యాలను చేరలేదు. అందుకే ఇలాంటి వార్త చదివినప్పుడు ఏ జంతువు, ఏ లోపం, మనుషుల్లో ఎన్నో దశ అని చూసుకోండి.

మనుషుల్లోనే రుజువైన సంగతి మీకు ఇప్పుడే ఉపయోగపడుతుంది. షుగర్ ఉన్నవారికి చిగుళ్లు లోతుగా శుభ్రం చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే రక్తపరీక్ష) సగటున 0.4 శాతం దాకా తగ్గుతోంది. చెడిన పన్ను సంగతి తేలాక మీ డెంటిస్ట్‌తో ముందు ఇది మాట్లాడండి. ఇంప్లాంటుకు తొందర లేదు. షుగర్ అదుపులోకి వచ్చాక, ఎముక ఎంత మిగిలిందో స్కాన్‌లో చూశాక నిర్ణయించవచ్చు. డబ్బు ఇబ్బంది అయితే తీసి పెట్టుకునే పళ్ల సెట్టు ఉంది, కడపలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. ఖాళీని ఏళ్ల తరబడి అలాగే వదిలేయకండి, పక్క పళ్లు వాలిపోతాయి, పైపన్ను కిందికి దిగుతుంది.

ఈరోజు వైద్యుల దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంతకుముందు వాడిన మాత్రల ఖాళీ రేకులు, షుగర్ మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతుంటే మీ అంతట మీరే ఆపేయకండి, పన్ను తీసే ముందే వారికి చెప్పండి.