పచ్చగా మెరిసే ప్రతి ఈగా ఒకటి కాదు

తమ్ముడూ,

నీ వ్యాసం, ఫొటోలు అందాయి. విశాఖ అనగానే అందరూ సముద్రం గురించి రాస్తారు. నువ్వు ఫిషింగ్ హార్బర్‌లో ఎండుచేపల మీద ముసిరే ఈగల గురించి రాశావు. ఇది నాకు చాలా నచ్చింది.

అయితే హార్బర్‌లో తీసిన పచ్చ ఈగనీ, సింహాచలం కొండ కింద ఆవుపేడ మీద తీసిన పచ్చ ఈగనీ ఒకే కుటుంబంలో వేసేశావు. రంగు చూసి ఆ మాట అనకు. ఆ మెరుపు కాలిఫోరిడే కుటుంబంలో ఉంది, మన ఇంటి ఈగ ఉండే మస్కిడేలోనూ ఉంది. మస్కిడేలోని నియోమియా పిల్లపురుగులు పేడలో పెరుగుతాయి. కాలిఫోరిడేలో లూసిలియా లాంటివి ఎక్కువగా కుళ్లిన మాంసంలో పెరుగుతాయి. కుటుంబం తప్పు చెబితే, నువ్వెంతో ఇష్టంగా రాసిన ఆ పేరా అంతా ఇంకో ఈగ బతుకు అయిపోతుంది.

నువ్వు చూడాల్సింది ఈగ పక్కభాగం. రెక్క మొదలుకి కింద, వెనక కాలు పుట్టే చోటుకి కాస్త పైన చూడు. అక్కడ గట్టి వెంట్రుకలు వరుసగా నిలబడి ఉంటే కాలిఫోరిడే కావచ్చు. మస్కిడేకి సాధారణంగా ఆ వరుస ఉండదు. కానీ సార్కోఫాజిడే, టాకినిడే అనే ఇంకో రెండు ఈగల కుటుంబాలకి కూడా ఆ వరుస ఉంటుంది కాబట్టి అంతటితో తేల్చేయకు. వీపు చివర చిన్న పలకలా ఉండే భాగం కింద ఇంకో ఉబ్బు గుండ్రంగా కనిపిస్తే అది టాకినిడే. గొంగళిపురుగుల్లాంటి వేరే పురుగుల ఒంట్లోనే దాని పిల్లలు పెరుగుతాయి. ఎంత కథ ఉందో చూడు అందులో! బూడిదరంగు వీపు మీద మూడు నల్ల చారలు, పొట్ట మీద చదరంగం గళ్లు ఉంటే ముందు సార్కోఫాజిడేని అనుమానించు. ఇంటి ఈగకైతే చారలు నాలుగు.

కంబాలకొండలో తీసి తేనెటీగ అని రాసినదానికి రెండే రెక్కలున్నాయి, మీసాలు పొట్టివి. రెక్క అంచుకి సమాంతరంగా ఈనె కూడా కనిపిస్తోంది. అది తేనెటీగ కాదు, సిర్ఫిడే కుటుంబానికి చెందిన, పూల మీద గాల్లో నిలబడే ఈగ.

నీ పచ్చ ఈగల ఫొటోలు రెండూ పైనుంచి తీసినవే. వాటితో ఏదీ తేలదు. అలాంటప్పుడు ఫొటో కింద "పచ్చ ఈగ" అని మాత్రమే రాయి, మొహమాటపడకు. ఈసారి ఎండెక్కకముందే వెళ్లు, అప్పుడవి కాస్త మందకొడిగా ఉంటాయి. ఒక్కో ఈగకీ పైనుంచి, పక్కనుంచి, ముఖానికి ఎదురుగా ఫొటోలు తియ్యి. రెక్కల ఈనెలు స్పష్టంగా రావాలి. అవి చూశాకే ఆ పేరా తిరగరాయి.

ఇట్లు,
మీ అన్నయ్య