మకాం క్యోటోలోనా, ఒసాకాలోనా?

ప్రశ్న: మేలో అయిదు రోజులు జపాన్ వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, పదేళ్ల పాప, 68 ఏళ్ల అత్తయ్యగారు. అందరం శాకాహారులం. క్యోటో, ఒసాకా పక్కపక్క ఊళ్లే కదా, ఎక్కడ దిగితే మంచిది? ఒసాకాలో గదులు చవకని విన్నాం.

జవాబు: క్యోటోలో దిగండి. ఒసాకాను సాయంత్రాలకు ఉంచుకోండి. క్యోటోలో చాలా గుళ్లు సాయంత్రం అయిదుకల్లా మూసేస్తారు. ఒసాకాలో దోతొంబోరి కాలువ గట్టుకు దీపాలు వెలిగాకే అందం. అంటే పొద్దున ఒక ఊరిది, రాత్రి ఇంకో ఊరిది. మంచం పొద్దుటి ఊళ్లో ఉండాలి.

ఒసాకాలో గది తీసుకునేవాళ్ల లెక్క ఎక్కడ తప్పుతుందంటే, షిన్‌కైసోకు రైలు అరగంటలో క్యోటో చేరుస్తుంది, టికెట్ 600 యెన్లలోపే. నిజమే. కానీ అది ఒసాకా స్టేషన్ నుంచి. నంబా వైపు దిగితే ముందు మిదోసుజి మెట్రోలో ఒసాకా స్టేషన్ పక్కనున్న ఉమెదా రావాలి, అక్కడ రైలు మారాలి, క్యోటోలో మళ్లీ బస్సెక్కాలి. గదిలోంచి గుడికి గంటన్నర. చేరేసరికి పదవుతుంది, అప్పటికే జనం కిటకిట.

క్యోటో స్టేషన్ దగ్గర గది చూసుకుంటే ఆ బాధ లేదు. ఫుషిమి ఇనారి గుడికి వేళలు లేవు, టికెట్టూ లేదు. నారా లైన్‌లో రెండో స్టేషన్ ఇనారి. ఆగేది లోకల్ మాత్రమే, ర్యాపిడ్ ఎక్కితే దాటిపోతారు. ఆరున్నరకల్లా చేరితే ఎర్రటి ద్వారతోరణాల వరస దాదాపు మీ ఒక్కరికే. వచ్చేటప్పుడు స్తంభాల వెనకవైపు చూడండి, కట్టించినవాళ్ల పేర్లు, తేదీలు చెక్కి ఉంటాయి. కొండ ఎత్తు 233 మీటర్లు, పైకి వెళ్లేకొద్దీ మెట్లే మెట్లు. అత్తయ్యగారు కింది వరస చూసి వెనక్కి తిరిగితే చాలు, అసలు అందమంతా అక్కడే ఉంది. కియోమిజు గుడి ఆరింటికే తెరుస్తారు. ఆవిడకోసం అక్కడికి టాక్సీలో వెళ్లండి, ఎగుడుదారి తప్పుతుంది. అరషియామా వెదురుతోపుకు బస్సు వద్దు, సగానో లైన్ రైలైతే పదిహేను నిమిషాలు.

ఒసాకాకు ఒక మధ్యాహ్నం, ఒక సాయంత్రం కేటాయించండి. పాపకోసం కైయుకాన్ అక్వేరియం, అక్కడ తిమింగలమంత షార్కు ఉంటుంది. ఒసాకా కోట 1931లో కాంక్రీటుతో తిరిగి కట్టింది, లోపల లిఫ్టు ఉంది. అర్ధరాత్రి దాటితే క్యోటోకు రైళ్లుండవు, రాత్రి పదిన్నరకు బయల్దేరండి. విమానం కన్సాయ్‌లో దిగితే హరుకా రైలు నేరుగా క్యోటోకే వస్తుంది, సుమారు గంటా ఇరవై నిమిషాలు. పెద్ద పెట్టెలతో సిటీ బస్సు మాత్రం ఎక్కకండి.

తేదీల విషయం: ఏప్రిల్ ఆఖరి నుంచి మే 5 దాకా అక్కడివాళ్లకు వరస సెలవులు. ఆ వారం దాటాక వెళ్లండి. జూన్‌లో వానలు పడతాయి.

తిండి దగ్గరే అసలు జాగ్రత్త కావాలి. కూరగాయల ఊడాన్ (లావు నూడుల్స్) అని రాసున్నా పులుసు, అంటే దాషి, సాధారణంగా ఎండుచేపతో కాచిందే. ఒసాకా వీధుల్లో దొరికే తకోయాకి ఉండల్లో ఆక్టోపస్ ఉంటుంది, ఒకొనోమియాకి అట్టు మీద చేపపొరలు చల్లుతారు. మాంసం వద్దంటే వాళ్లకు చేప గుర్తు రాదు, అందుకే "దాషి కూడా వద్దు" అని జపనీస్‌లో రాయించుకున్న చీటీ చూపించండి. క్యోటోలో షోజిన్ ర్యోరి అని బౌద్ధ సన్యాసుల భోజనం దొరుకుతుంది, పులుసు సముద్రపు నాచుతో, పుట్టగొడుగులతో కాస్తారు. చాలాచోట్ల ముందే చెప్పాలి, గది తీసుకున్న రోజే భోజనమూ బుక్ చేసుకోండి.